చేపల పత్రిక కోసం రాబిగ్ దాకా

సౌదీలో ఉండే తెలుగువాడు రాబిగ్ వెళ్తున్నాడంటే అక్కడి రిఫైనరీలో పని దొరికి ఉండాలి, లేదా పని పోయిన చుట్టాన్ని తీసుకురావడానికైనా అయి ఉండాలి. నేను మాత్రం జపాను భాషలో పత్రికలు తెచ్చుకోవడానికి వెళ్లాను. రియాద్ నుంచి పోనూ రానూ రెండు వేల కిలోమీటర్లు దాటింది. ఇలాంటి అవసరం ఇంకెవరికైనా పడితే పనికొస్తుందని దారి వివరాలతో సహా రాస్తున్నాను. పడదని తెలుసు. అయినా రాస్తున్నాను.

కోరుట్ల దగ్గరి పల్లెవాడికి జపాను భాషతో ఏం పని అని అడుగుతారు కాబట్టి ముందు అది చెప్పాలి. ఐటీఐలో ఫిట్టరు కోర్సు చేసి హైదరాబాదులో ఒక పంపుల ఫ్యాక్టరీలో చేరితే, వాళ్లు నన్ను రెండేళ్ల శిక్షణకని జపాను పంపారు. మాట్లాడటం అక్కడి ఫోర్‌మన్ తిట్లు విని నేర్చుకున్నాను. చదవడం మాత్రం సాయంత్రం తరగతులకు వెళ్లి కష్టపడి నేర్చుకున్నాను. తిరిగొచ్చాక ఫ్యాక్టరీ మూతపడింది. సౌదీ వచ్చి రియాద్ శివారు సులైలో పంపులు బాగుచేసే వర్క్‌షాపులో చేరాను. జపాను నుంచి వచ్చే ఫ్యాక్సులు చదివి చెప్పడం నా అదనపు పని. దానివల్లే ఆ షెడ్డులో ఫిట్టర్లందరిలో నా ఒక్కడికే కుర్చీ ఉండేది.

2007 చివర్లో ఆ కుర్చీకి ముప్పు వచ్చింది. జపాను రాతలో ‘ఎడమ’, ‘కుడి’ అనే గుర్తులు రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. పైభాగం ఒక్కటే, కింద మాత్రమే తేడా. నట్టు కుడికి తిప్పి విప్పాలని ఫ్యాక్సులో ఉంటే, నేను మామూలు నట్టులాగే ఎడమకు అని చదివాను. ముగ్గురు మనుషులు గొట్టం తగిలించి బలంగా తిప్పారు. నట్టు రాలేదు, షాఫ్టు విరిగింది. మా మేనేజరు ఈజిప్టు ఆయన, సాధారణంగా అరిచే మనిషి. ఆ రోజు అరవకుండా నెమ్మదిగా అన్నాడు: “గంగారామ్, ఇంకోసారి ఇలా జరిగితే నీ పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపిస్తాను.”

ఆలోచిస్తే తప్పు కళ్లది కాదనిపించింది. ఐదేళ్లుగా ఫ్యాక్సులు తప్ప జపాను భాషలో ఒక్క పేజీ చదవలేదు. వాడని ఇనుములాగా నా చదువు తుప్పు పట్టింది. చదవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని రెండు శుక్రవారాలు బత్హా బజారంతా తిరిగాను. ఒక దుకాణంలో జపాను పత్రిక అడిగితే జపాను కార్ల బొమ్మల పుస్తకం ఇచ్చారు, అదీ అరబ్బీలో. ఇంకో దుకాణంలో బంగ్లాదేశీ కుర్రవాడు చైనా పేపరు తీసి “సేమ్ సేమ్” అన్నాడు. ఇంటర్నెట్ కేఫ్‌లో కూర్చుంటే తెర మీద అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వరసగా వచ్చాయి. ఆ డబ్బాలు చూడటానికి గంట అద్దె కట్టి బయటికొచ్చాను.

నా గదిలో ఉండే ఏసుపాదానిది భీమవరం. వాళ్ల వదిన రాజకుమారి రాబిగ్‌లో నర్సు, ఆవిడ భర్త సామ్యూలు అదే ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. ఒకరోజు ఫోను మాట్లాడుతూ మాట్లాడుతూ ఏసుపాదం నా వైపు తిరిగాడు.

“ఏవండీ గంగారామ్ గారూ, మా వదిన వార్డులో కాలు విరిగిన జపాను పెద్దాయన ఉన్నాడంటండి. శనివారం ఇంటికెళ్లిపోతున్నాడంట. గదినిండా పుస్తకాలేనంట, ఒక్క కట్ట తప్ప అన్నీ చెత్తబండికి వేయమన్నాడంట!”

“ఆపమను!” అన్నాను. “నేనొచ్చేదాంక ఒక్కటి గూడ ముట్టద్దని చెప్పు!”

మేనేజరును బుధ, గురువారాలు సెలవు అడిగితే ఎందుకన్నాడు. చదువుకోవడానికన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి సంతకం పెట్టాడు.

బుధవారం పొద్దున ఆరున్నరకు రియాద్ బస్టాండులో జిద్దా బస్సెక్కాను. టికెట్ నూట ముప్పై రియాళ్లు. వెళ్లేవాళ్లకు ఒక సూచన: ముస్లింలు కానివాళ్లు టికెట్ తీసుకునేటప్పుడే ఈ బస్సు మక్కా లోపలికి వెళ్తుందా, బైపాస్ మీదుగా వెళ్తుందా అని అడగాలి. అడగకపోతే, వాళ్లను మక్కాలోకి రానివ్వరు కాబట్టి, సగం దారిలో దిగాల్సి వస్తుంది. ఇఖామా అనే నివాస కార్డుతోపాటు కఫీల్, అంటే నన్ను పనిలో పెట్టుకున్న యజమాని, రాసిచ్చిన కాగితం కూడా జేబులో పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు. ఉంది కాబట్టి అడగలేదు, లేకపోతే అడిగేవాళ్లు.

పదిన్నరకు ఒక పెట్రోలు బంకు దగ్గర ఆపారు. గుడ్డు, రొట్టె, గాజుగ్లాసులో టీ. మధ్యాహ్నం దాకా ఇసుక, తర్వాత నల్లరాళ్లు, తాయిఫ్ దగ్గర కొండలు. సాయంత్రం ఏడింటికి జిద్దాలో దిగి షరఫియాలో మలయాళీల లాడ్జిలో మంచం తీసుకున్నాను. గదిలో ఆరు మంచాలు. రిజిస్టరులో ‘వచ్చిన పని’ అన్నచోట పుస్తకాలు అని రాస్తే, లాడ్జి ఆయన నా చేతిలోని ఖాళీ సంచి చూసి “వ్యాపారమా?” అన్నాడు. కాదంటే ఆయన ముఖంలో నా మీద గౌరవం పెరిగిందో తగ్గిందో తెలియలేదు.

గురువారం పొద్దున ఆరింటికి షేరు టాక్సీ. ఐదుగురం నిండాక కదిలింది, ఎడమవైపు ఎర్ర సముద్రం కనపడీ కనపడకుండా వెంట వచ్చింది. ఎనిమిదింపావుకు రాబిగ్. రిఫైనరీ చిమ్నీలు ఊరికంటే ముందు కనిపిస్తాయి. సామ్యూలు గారు ఆసుపత్రి గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. ఇంటికి తీసుకెళ్లి ఇడ్లీ పెట్టి, పది గంటలకు నన్ను వెంటబెట్టుకుని వార్డుకు తీసుకెళ్లారు. యూనిఫాంలో ఉన్న రాజకుమారి గారు తలుపు దగ్గర గొంతు తగ్గించి చెప్పారు.

“అన్నయ్యా, ఆయన పేరు కుబో గారండి. మూడు వారాల్నుంచి ఇక్కడ ఆయన భాష వచ్చినవాళ్లు లేరు. కంపెనీ వాళ్లొచ్చినా పని మాటలే. కాస్త నిదానంగా మాట్లాడండి.”

నిదానంగానే మాట్లాడాను. లోపలికి వెళ్లి వంగి దండం పెట్టి, నాకొచ్చిన జపానులో క్షేమం అడిగాను. మంచం మీద కట్టుకాలు చాపుకుని కూర్చున్న బట్టతలాయన మంచం ఊగేలా నవ్వడం మొదలుపెట్టాడు. రాజకుమారి గారు కంగారుగా నాడి పట్టుకోబోయారు.

సంగతేమిటంటే, నేను నేర్చుకున్నది ఫోర్‌మన్ భాష. పెద్దమనిషిని ‘ఎట్లున్నరు సారూ’ అనాల్సిన చోట ‘ఏందిర, కాలిరగ్గొట్టుకున్నవా’ అన్నట్టుందట నా పలకరింపు.

“నా మొదటి ఉద్యోగంలో మా ఫోర్‌మన్ అచ్చం ఇలాగే తిట్టేవాడు,” అన్నాడాయన కళ్లు తుడుచుకుంటూ. “నలభై ఏళ్లయింది విని. ఇంకొంచెం తిట్టు.”

కుబో సాన్ (మన ‘గారు’ లాంటిదే వాళ్ల ‘సాన్’) కూడా పంపుల మనిషే. రిఫైనరీ విస్తరణలో యంత్రాలు పరీక్షించడానికి వచ్చి మెట్ల మీద జారాడు. షాఫ్టు విరిగిన సంగతి దాచకుండా చెప్పాను. ఆయన నవ్వలేదు. “ఎడమ, కుడి నేనూ తప్పాను,” అన్నాడు. “కాకపోతే అరబ్బీ అంకెల్లో. రెండుకూ మూడుకూ తేడా తెలియక ఇరవై గాస్కెట్ల బదులు ముప్పై తెప్పించాను. నీకున్నది తెలివితక్కువతనం కాదు, సాధన లేకపోవడం. ఏం చదవాలనుకుంటున్నావు?”

కంపెనీవాళ్లు ఆయన క్వార్టర్సు ఖాళీ చేసి తెచ్చిపెట్టిన పత్రికలు కిటికీ కింద మూడు దొంతరలుగా ఉన్నాయి. మొదటి దొంతరలోవి ఇటుకల్లా మందంగా ఉన్న మాసపత్రికలు. రాజకీయం, ఆర్థికం, పెద్దల వ్యాసాలు. నాకు అవే కావాలనిపించింది. చదివితే అలాంటివి చదవాలి, నలుగురూ చూస్తే గౌరవంగా ఉంటుంది అనుకుని చెయ్యి చాపాను.

“అవి కంపెనీ పంపుతుంది. నేను ఒక్కటీ విప్పలేదు,” అన్నాడాయన. “ఏదీ, పైకి చదువు.”

చదివాను. మొదటి వాక్యంలో నాలుగు చోట్ల ఆగాను. రెండో వాక్యం పేజీ దాటి వెళ్లింది. మూడో వాక్యానికి నా చెమట పేజీ మీద పడింది.

కుబో సాన్ రెండో దొంతరలోంచి ఒకటి తీసి ఒళ్లో పెట్టాడు. అట్ట మీద ఒక మనిషి వాగు నీటిలో మోకాళ్ల దాకా నిలబడి చేపను ఎత్తి చూపుతున్నాడు. గాలం వేసేవాళ్ల పత్రిక. “వెనక నుంచి నాలుగో పేజీ. పాఠకుల ఉత్తరాలు.”

ఎవరో తాపీమేస్త్రీ రాశాడు. ప్రతి ఆదివారం గాలం పట్టుకుని పోతున్నాడని పెళ్లాం ఆ గాలపు కర్రను దాచేసిందట. ఇల్లంతా వెతికి, దొరక్క, దిగులుతో పెరట్లోకి వెళ్లి చూస్తే ఆవిడ దాని మీదే బట్టలు ఆరేసిందట, ఆయన ఆదివారం చొక్కాతో సహా. నాకు తెలియని గుర్తులు అందులోనూ మూడున్నాయి. కానీ వాక్యం పూర్తికాకముందే నవ్వొచ్చింది. నవ్వాక నాకే ఆశ్చర్యమేసింది. ఐదేళ్లలో జపాను అక్షరాలు చూసి నేను భయపడ్డానే గాని నవ్వలేదు.

“చూశావా,” అన్నాడు కుబో సాన్. “నవ్వు ఎక్కడ రావాలో అక్కడే వచ్చింది. అంటే చదవడం వచ్చు నీకు. అర్థం కాని గొప్ప పేజీ కంటే, తర్వాత ఏమైందో తెలుసుకోవాలనిపించే చిన్న పేజీ నయం. ఇవి మూడేళ్లవి, అన్నీ నీవే.”

మూడో దొంతర చిన్నది, ఇల్లాళ్ల వంటల పత్రికలు. వాటినీ అడిగాను. ఆయన ఒకటి తెరిచి చూపించాడు. వేయించిన చేప బొమ్మ పక్కన పెన్సిలుతో ఆడవాళ్ల చేతిరాత. తడుముకోకుండా చదివేశాను: ‘ఇది ఆదివారం వండాను. మీరు లేరు కాబట్టి రెండు ముక్కలూ నేనే తిన్నాను.’ ప్రతి నెలా భార్య పంపేవట అవి. ప్రతి పత్రికలోనూ అలాంటి రాతలున్నాయి.

“నా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే చదవదగ్గవి ఇవే,” అన్నాడాయన పత్రిక మూస్తూ. “అందుకే ఇవ్వను.”

ఒంటిగంటకు సామ్యూలు గారింట్లో భోజనం. చింతకాయ పచ్చడి, సముద్రపు చేపల పులుసు. అట్టపెట్టెకెత్తిన ముప్పై ఆరు పత్రికలు హాలు మధ్యలో ఉన్నాయి. డ్యూటీ దిగి వచ్చిన రాజకుమారి గారు ఒకటి తిప్పి చూసి ఆగిపోయారు.

“అన్నయ్యా, ఇందులో చేతుల్లేని జాకెట్లతో అమ్మాయిలున్నారండి. చెక్‌పోస్టులో చూస్తే పెట్టె మొత్తం తీసేసుకుంటారు.”

రియాద్ దుకాణాల్లో విదేశీ పత్రికలు అమ్మేముందు అలాంటి బొమ్మలకు నల్లరంగు పూస్తారని మాకు తెలుసు. ఆ పని మేమే చేద్దామని కూర్చున్నాం. సామ్యూలు గారు ల్యాబ్‌లో సీసాల మీద రాసే నల్ల మార్కర్లు మూడు తెచ్చారు. చాపమీద ముగ్గురం తలా పన్నెండు పంచుకుని భుజాలు, మోకాళ్లు కప్పడం మొదలుపెట్టాం. సామ్యూలు గారు చాలా నిష్ఠగా చేశారు. ఆయన వంతు చూస్తే ఒక పేజీలో అమ్మాయి పట్టుకున్న చేపకు కూడా తోక దాకా నల్లరంగు పూసి ఉంది.

“అదేంటండీ, చేపక్కూడానా?” అన్నారు రాజకుమారి గారు.

“దాని ఒంటి మీదా ఏం లేదు కదా రాజీ,” అన్నారాయన.

సాయంత్రం నాలుగింటికి కుబో సాన్‌కు చెప్పడానికి వెళ్లాను. ఈసారి మర్యాదగా మాట్లాడదామని మాటలు కూడబలుక్కుని వెళ్తే ఆయనే చెయ్యి అడ్డం పెట్టాడు. “అలా వద్దు. ఫోర్‌మన్‌లాగే చెప్పు.” నేను ఆ భాషలోనే, ఇక మెట్లు చూసుకుని దిగమని తిట్టి వచ్చాను. తలుపు మూస్తుంటే లోపలి నుంచి ‘చిత్తం, ఫోర్‌మన్ గారూ’ అని వినిపించింది.

ఆరున్నరకల్లా జిద్దా, మళ్లీ అదే లాడ్జి. శుక్రవారం పొద్దున ఏడింటికి రియాద్ బస్సు. పెట్టెను కింద సామాన్లలో వేయడానికి మనసొప్పక కాళ్ల మధ్య పెట్టుకున్నాను. పక్క సీట్లో గుల్ జమాన్ అనే క్రేన్ డ్రైవరు, పెషావర్ వైపు మనిషి. మక్కాలో ఉమ్రా చేసుకుని నున్నగా గుండుతో వస్తున్నాడు. నేను ఒక పత్రిక తెరిచేసరికి ఆయన వంగి చూసి, “భాయ్, ఉల్టా పకడా హై,” అన్నాడు. తలకిందులుగా పట్టుకోలేదనీ, ఈ భాషలో నిలువుగా రాస్తారనీ చెప్పడానికి కొంత సమయం పట్టింది.

తాయిఫ్ దాటాక చెక్‌పోస్టు. లోపలికి వచ్చిన సైనికుడు చిన్న వయసువాడు. ఇఖామాలు చూసుకుంటూ వచ్చి నా కాళ్ల మధ్య పెట్టెను బూటుతో తట్టాడు. “ఇష్ హాదా?” ఏమిటిది అని.

నా అరబ్బీ వర్క్‌షాపు అరబ్బీ. పత్రికలన్నాను, జపానువన్నాను. పెట్టెతో సహా దిగమన్నాడు. రోడ్డు పక్క బల్ల మీద పెట్టె విప్పాను. ఆయన మొదటి పత్రికను కుడి నుంచి తెరిచాడు. నేను చూపించిన వాళ్లందరూ ఎడమ నుంచి తెరిచి చివరి పేజీ ముందు చూశారు. జపాను నిలువు పుస్తకం అరబ్బీ పుస్తకంలాగే కుడి నుంచి మొదలవుతుంది. సరిగ్గా తెరిచినవాడు ఈయనొక్కడే. కానీ ఆ మాట చెప్పే ధైర్యం అప్పుడు లేదు. ఈయన తీసేసుకుంటే నేను రేపు ఉత్త చేతులతో ఫ్యాక్సుల ముందు కూర్చోవాలి.

పేజీలు తిప్పాడు. సరిగ్గా సామ్యూలు గారి చేప దగ్గర ఆగాడు.

“చేప ఎందుకు నల్లగా ఉంది?”

అబద్ధం చెప్పేంత అరబ్బీ నాకు రాదు. నా స్నేహితుడు మీకు భయపడి అన్నిటికీ పూశాడు, చేపకు కూడా, అన్నాను. సైనికుడు నా ముఖం చూశాడు, చేపను చూశాడు. లోపల గదిలో ఉన్నవాణ్ని కేకేసి పిలిచి చేపను చూపించాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

తర్వాత ఇంకో పేజీ తిప్పి కూర్చున్నాడు. వాళ్ల నాన్న ఉమ్లుజ్ దగ్గర జాలరి అట. బొమ్మలో రాళ్ల మీద నిలబడినవాడి చేతిలో పెద్ద హామూర్ లాంటి చేప. దేంతో పట్టాడు? ఏ ఎర వేశాడు? చదివి చెప్పు, అన్నాడు.

బస్సులో నలభై మంది కిటికీల్లోంచి చూస్తున్నారు. డ్రైవరు గడియారం చూపిస్తున్నాడు. నేను చదవడం మొదలుపెట్టాను, ఒక్కో ముక్కా అరబ్బీలోకి మారుస్తూ. తెల్లవారుజామున, పోటు వచ్చేటప్పుడు, రాళ్ల పక్కన... ఎర దగ్గరకు వచ్చేసరికి తెలియని గుర్తు. ఎడమ పక్కన చేప గుర్తు ఉంది కాబట్టి ఏదో చేప పేరే.

“ఏదో చేప,” అన్నాను.

“ఏ చేప?”

“నాకు తెలియదు.”

సైనికుడు పేజీని దగ్గరకు లాక్కుని మూలనున్న చిన్న బొమ్మ చూశాడు. వీపు మీద నీలి చారలున్న చేప. వేలితో కొట్టి పేరు చెప్పాడు. చేత్తో నీళ్లలో ఎలా గుంపులుగా పోతుందో చూపించాడు. అప్పుడు వెలిగింది, కానాగంత! జపానులో ‘సబా’, ఫ్యాక్టరీ క్యాంటీనులో వారానికి రెండుసార్లు తిన్నదే. రెండేళ్లు తిన్నా దాన్ని ఎలా రాస్తారో తాయిఫ్ రోడ్డు మీద సౌదీ సైనికుడు నేర్పాడు. మరిచిపోతానా?

చివరిదాకా చదివించుకుని, ఆ పత్రిక తనకు కావాలన్నాడు, నాన్నకు చూపిస్తాడట. సంతోషంగా ఇచ్చాను. మిగిలిన ముప్పై అయిదూ తానే పెట్టెలో సర్ది బస్సెక్కించాడు.

ఆ తర్వాత నన్ను చదువుకోనిస్తే కదా. సైనికుడు ఏం అడిగాడు, ఏం చదివావు అని ముందూ వెనకా సీట్లవాళ్లు తిరిగి కూర్చున్నారు. జుమ్మా నమాజుకు బస్సు ఆపినప్పుడు తప్ప దారి పొడుగునా ఉత్తరాలు ఉర్దూలోకి మార్చి చెబుతూనే ఉన్నాను. తాపీమేస్త్రీ ఉత్తరం మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. గుల్ జమాన్‌కు మాత్రం ఇంకోటి నచ్చింది. ఒక ముసలి బడిపంతులు, ఇరవై ఏళ్లుగా ఒకే మడుగులో గాలం వేస్తున్నా పెద్ద చేప పడలేదనీ, ఇంకేదైనా ఎర చెప్పమనీ అడిగిన ఉత్తరం.

గుల్ జమాన్ గుండు నిమురుకున్నాడు. తర్వాత గంభీరంగా అన్నాడు: “ఉస్కో లిఖో. ఆటే మే థోడీ సౌంఫ్ మిలాయే. హమారే దరియా మే ఇసీ సే పకడ్తే హై.” గోధుమపిండిలో కాస్త సోంపు కలపమని రాయాలట.

“మూడేళ్ల కిందటి పత్రిక ఇది,” అన్నాను.

“ముసలాయన ఇరవై ఏళ్లు ఆగాడు. మూడేళ్లకేముంది?” అన్నాడు ఉర్దూలో.

శనివారం నుంచి ఈ పత్రికలు రోజుకు నాలుగు పేజీలు చదివాను. మేనేజరు నాకు ఎగ్జిట్ కొట్టించలేదు. ఫ్యాక్సులో అనుమానం వస్తే రెండుసార్లు చూసి, తెలియకపోతే తెలియదని ఫోను చేసి కనుక్కోవడం అలవాటైంది. పరాయి దేశంలో ఏ పత్రిక చదవదగ్గది అని నన్నెవరైనా అడిగితే చెప్పేది ఒక్కటే. ఒంటరిగా కూర్చుని చదివినా, పక్కవాడికి చెప్పకుండా ఉండలేనిది ఏదో అది. దాని ధర, మందం, అట్ట మీద పేరు చూడొద్దు.

ఆ శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు రియాద్ ఇంకా యాభై కిలోమీటర్లుంది. గుల్ జమాన్ తన జేబులోంచి బాల్‌పెన్ను తీసి నా చేతిలో పెట్టాడు, ఆ పంతులు కోసం పత్రికకు రాసేదాకా వదిలేలా లేడు. పెట్టె మూత చింపి ఒళ్లో పెట్టుకున్నాను. జపానులో ఉత్తరం రాసి ఏడేళ్లయింది. బస్సు ఊగుతుంటే ఒక్కో గుర్తూ పత్రికలో వెతికి, చూసి దింపాను. ‘అయ్యా, నేను సముద్రం కనపడని ఊళ్లో ఉంటూ మీ పత్రిక చదువుతున్నాను’ అని మొదటి వాక్యం రాసి, ఉర్దూలో పైకి చదివాను.

‘నేను’ అనేసరికి ముందు సీట్లవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. నేను ‘నేను’ కొట్టేసి ‘మేము’ అని రాశాను.